గడియ లేని పరీక్ష గది

ఆస్పత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అర్జీదారు: వృత్తి, డ్రైవింగ్ నేర్పుట. వివాహిత. ఇద్దరు పిల్లల తల్లి. లైంగిక దాడి కేసులో తమ ఆస్పత్రిలో వైద్య పరీక్షకు వచ్చిన మనిషి.

విషయం: పరీక్ష గది తలుపుకు అడ్డంగా నిలబడినందుకు క్షమాపణ రాసి ఇవ్వవలెనని తమరు పంపిన నోటీసు – క్షమాపణ రాయుటకు నిరాకరణ – అందుకు గల కారణములు – స్టాఫ్ నర్సును తిరిగి ఆమె వార్డుకు పంపవలెనని కోరుట – గురించి.

అయ్యా,

తమ నోటీసు అందినది. నేను "ఆస్పత్రి విధులకు ఆటంకము కలిగించి, డ్యూటీ డాక్టరు గారిని దుర్భాషలాడి, పరీక్ష గది ద్వారమును నిర్బంధించి"నట్లు అందులో సెలవిచ్చినారు. వారం లోపల లిఖితపూర్వకముగా క్షమాపణ చెప్పనియెడల పోలీసులకు ఫిర్యాదు చేయబడునని కూడా సెలవిచ్చినారు.

ద్వారం దగ్గర నిలబడిన మాట నిజం. దుర్భాషలాడిన మాట అబద్ధం. నేను పొద్దస్తమానం రోడ్డు మీద కారు నేర్పే మనిషిని. తిట్లు నాకు రాక కాదు, లారీల వాళ్ళ దగ్గర నేర్చుకున్నవి చాలానే ఉన్నాయి. ఆ రోజు ఒక్కటీ బయటికి తీయలేదు. విధులకు ఆటంకం సంగతి ఆరో అంశంలో మనవి చేస్తాను.

పోలీసు కేసు పడితే డ్రైవింగ్ నేర్పే లైసెన్సు పోతుందని తమ ఆఫీసు గుమాస్తా గారు నాకు హితవు చెప్పినారు. "రెండు ముక్కలు రాసి పడెయ్యండమ్మా, ఎవరు చదువుతారు?" అన్నారు. తమరు చదువుతారన్న నమ్మకంతో, రెండు ముక్కలతో సరిపెట్టకుండా, క్షమాపణ ఎందుకు రాయనో అంశముల వారీగా విన్నవించుకొనుచున్నాను.

1. నేనెవరు, తమ ఆస్పత్రికి ఎందుకు వచ్చాను అన్నది.

నేను ఆడవాళ్ళకు కారు నేర్పుతాను. నేర్చుకునే ఆమె స్టీరింగు దగ్గర, నేను పక్క సీట్లో. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అప్పట్లో నేను పనిచేసిన డ్రైవింగ్ స్కూలు యజమానిని అందరూ పెద్దసారు అనేవారు. ఒక మధ్యాహ్నం, నేర్చుకునేవాళ్ళు వెళ్ళిపోయాక, కారు సర్వీసింగు కాగితాలు తీసుకుపొమ్మని నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. తర్వాత చేసింది నేరం. ఆ వివరాలు పోలీసులకు చెప్పాను, మేజిస్ట్రేటుకు చెప్పాను, నిండు కోర్టులో చెప్పాను. ఈ కాగితంలో మళ్ళీ చెప్పను. ఈ అర్జీ అతని మీద కాదు. అతనికి శిక్ష పడింది, పై కోర్టుకు వెళ్ళాడు, అక్కడి సంగతి ఆ కోర్టు చూసుకుంటుంది. ఇది తమ ఆస్పత్రి మీద.

ఆ గదిలోంచి బయటపడి నేను నేరుగా మా ఆయన పనిచేసే బేకరీకి వెళ్ళాను. ఆయన రొట్టెలు కాలుస్తాడు. చేతులకు పిండి ఉంది. నా మొహం చూసి ఏమీ అడగలేదు. ఏప్రాను విప్పి కొక్కేనికి తగిలించి, "పద" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"నువ్వెక్కడికంటే అక్కడికి."

పోలీసు స్టేషన్‌కు అన్నాను. మా ఆయనకు కారంటే భయం. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు క్లచ్చి తొక్కడం నేర్పలేకపోయాను. వందమందికి నేర్పిన నాకు ఇంట్లో ఓటమి అది. ఆయన పక్క సీట్లో కూర్చుని పైనున్న హ్యాండిల్ పట్టుకున్నాడు. కారు నేనే నడిపాను. ఆ కారు స్కూలుది గనుక నేను దాన్ని దొంగిలించానా అని తర్వాత అతని లాయరు కోర్టులో అడిగాడు. ఇది కూడా రికార్డులో ఉంది, తమకు నవ్వు రాకపోతే చూసుకోవచ్చు.

2. పేరు పెట్టి పిలవకపోవుట.

స్టేషన్ నుంచి ఒక మహిళా కానిస్టేబుల్‌ని తోడిచ్చి మమ్మల్ని తమ ఆస్పత్రికి పంపారు. కాన్పుల వార్డుకు ఎదురుగా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. అటు పక్కన నెలలు నిండిన ఒకావిడ, వాళ్ళ అమ్మ, పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. కాసేపటికి అటెండరు తలుపులోంచి తల బయటపెట్టి అరిచాడు.

"రేప్ కేసు ఎవరమ్మా? రేప్ కేసు! రావాలి!"

బస్టాండులో ఊరి పేరు అరిచినట్టు అరిచాడు. పెద్దాయన పేపరు దించాడు. నెలలు నిండినావిడను వాళ్ళమ్మ కొంచెం అవతలికి జరిపింది. నేను లేవలేదు. మా ఆయన లేచాడు.

"మేమే" అన్నాడు.

"ఈమే" అనలేదు. "మేమే" అన్నాడు. అయ్యా, ఆ రోజు మొత్తంలో నాకు ఎవరన్నా వైద్యం చేశారంటే మొదట చేసింది బేకరీలో రొట్టెలు కాల్చే ఆ మనిషే. కేసు షీటు మీద నా పేరు స్పష్టంగా ఉంది. అది చదివి పిలవడానికి డాక్టరీ చదువు అక్కర్లేదు.

3. పరీక్ష గది, అందులో జరిగినది.

ఆ గది తలుపుకు గడియ లేదు. బరువు చూసే మిషనును తలుపుకు ఆనించి పెడతారు. ఎవరు నెట్టినా అది కిర్రుమంటూ జరుగుతుంది. నేను టేబుల్ మీద ఉన్నంతసేపట్లో బీపీ మిషను కోసం ఒకరు, నేల తుడవడానికి ఒకరు, నేర్చుకోవడానికి మెడికల్ విద్యార్థులు వచ్చారు. విద్యార్థులను ఉండమంటారా అని నన్ను ఎవరూ అడగలేదు. వాళ్ళలో ఒకమ్మాయి మాత్రం గోడ వైపు తిరిగి నిలబడింది. ఆ అమ్మాయి మంచి డాక్టరు కావాలని కోరుకుంటున్నాను.

డాక్టరు గారు ఆడమనిషే. తల ఎత్తకుండా రాసుకుంటూ అడిగారు.

"పెళ్ళయిందా?"

"అయింది మేడమ్."

"పిల్లలు?"

"ఇద్దరు."

"మామూలు కాన్పులేనా?"

"అవును. మేడమ్, ముందు నా చేతులు చూడండి. ఇక్కడ గట్టిగా పట్టుకున్నాడు. వీపు కూడా నొప్పిగా ఉంది, బల్లకేసి నెట్టాడు."

"అవన్నీ తర్వాత. పడుకో."

"ఏం చేస్తారు?"

"పరీక్ష."

"ఏం పరీక్ష మేడమ్?"

"డాక్టరువి నువ్వా నేనా?"

ఒప్పుకుంటున్నానో లేదో అడగలేదు. ఏం చేయబోతున్నారో చెప్పలేదు. రెండు వేళ్ళ పరీక్ష అంటారట దాన్ని. ఆ పేరు నాకు తర్వాత కోర్టులో తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. నేను "ఆగండి" అన్నాను. మళ్ళీ "ఆగండి మేడమ్" అన్నాను.

"ఇద్దర్ని కన్నదానివి, ఇంత గోలెందుకు?" అన్నారు డాక్టరు గారు.

అయ్యా, ఆ మధ్యాహ్నం కూడా నేను ఒకరిని ఆగమన్నాను. అక్కడా ఆగలేదు. ఈ అంశం మీద ఇంతకంటే రాయడానికి ఆఫీసు భాష నాకు చాలడం లేదు.

గదిలో ఒక స్టాఫ్ నర్సు ఉంది. నడివయసు మనిషి, కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. ఆమె అంది, "మేడమ్, ఆవిడ ఆగమంటున్నారు."

"నువ్వు ట్రే పట్టుకో" అన్నారు డాక్టరు గారు.

అంతలో కాన్పు గదిలోంచి పిలుపు వచ్చింది. డాక్టరు గారు గ్లవ్స్ తీసి పారేసి వెళ్ళిపోయారు. ఆ రోజు పని మరీ ఎక్కువగా ఉందని తర్వాత కోర్టులో చెప్పారు. ఉండే ఉంటుంది. నా చేతులు మాత్రం ఎవరూ చూడకుండానే మిగిలిపోయాయి.

నర్సమ్మ నా మీద దుప్పటి కప్పింది. వచ్చి చూస్తున్న వాళ్ళందరినీ బయటికి పంపి, మిషనును తలుపుకు తోసి, దాని మీద తన కాలు పెట్టి నిలబడింది.

"మంచినీళ్ళు తాగుతారా అమ్మా?"

తాగుతానన్నాను.

"ఇప్పుడు చేతులు చూపించండి. నేను ముట్టుకోనా?"

ముట్టుకోమన్నాను. మణికట్ల దగ్గర కమిలిన చోట చూసింది, వీపు చూసింది. డాక్టరు గారు ఒక్క నిమిషం తిరిగి వచ్చినప్పుడు, "కమిలి ఉంది మేడమ్, రాయండి" అని చెప్పింది. డాక్టరు గారు సంతకం పెట్టి మళ్ళీ వెళ్ళిపోయారు. గర్భం రాకుండా, జబ్బులు సోకకుండా ఇవ్వవలసిన మాత్రలు కూడా నాకు ఎవరూ ఇవ్వలేదు. మేము గేటు దాకా వచ్చాక నర్సమ్మ వెనకాల పరుగెత్తుకుంటూ వచ్చి, మాత్రలు నా చేతిలో పెట్టి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మా ఆయనకు కూడా చెప్పి, ఆయాసపడుతూ వెళ్ళింది.

4. డాక్టరు గారి రిపోర్టు, అది చేసిన పని.

రిపోర్టులో ఏం రాశారో మాకు చాలా కాలం తెలియదు. కాపీ అడిగితే పోలీసులను అడగమన్నారు, పోలీసులను అడిగితే కోర్టులో చూసుకోమన్నారు. కోర్టులోనే విన్నాను. అతని లాయరు కళ్ళజోడు తుడుచుకుని, పెళ్ళిపత్రిక చదివినట్టు తీరిగ్గా చదివాడు.

"పరీక్షింపబడిన స్త్రీ లైంగిక చర్యకు అలవాటు పడినది. శరీరముపై బలప్రయోగపు గుర్తులు లేవు."

చదివి నా వైపు తిరిగాడు. "డాక్టరు గారు రాసింది అబద్ధమంటారా?"

మా ప్రభుత్వ లాయరు కాగితాలు తిరగేస్తున్నాడు. పెద్దసారు తరఫు వాళ్ళ బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన తల వంచుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

"మొదటి ముక్క నిజమేనండి" అన్నాను.

లాయరు ఈ జవాబు ఊహించలేదు. "ఏమన్నారు?"

"నాకు పెళ్ళయింది. మా ఆయనతో కాపురం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు, వాళ్ళు బజార్లో కొనుక్కొచ్చినవాళ్ళు కాదు. అది కనిపెట్టడానికి అంత పరీక్ష ఎందుకు? నన్నడిగితే చెప్పేదాన్ని. అయ్యా, నాకు కారు నడపడం కూడా అలవాటే. రోజూ నడుపుతాను. అలవాటుంది కదా అని దారిన పోయేవాడు నా చేతిలో తాళాలు లాక్కోవచ్చా?"

లాయరు ఏదో అనబోతే జడ్జి గారు చెయ్యెత్తి ఆపారు. రిపోర్టు తన దగ్గరికి తెప్పించుకుని చూశారు. "ఈ పరీక్ష చట్టంలో లేదు. వైద్యంలోనూ దీనికి విలువ లేదు. చేయకూడదని ఎప్పుడో చెప్పారు. ఒక మనిషి ఒప్పుకుందా లేదా అన్నది ఆమెను ఇలా పరీక్షించి తేల్చే విషయం కాదు. ఈ వాక్యాన్ని నా కోర్టులో ఇంకెవరూ చదవొద్దు" అన్నారు. ఆ మీదట, ఆ గదిలో ఇంకెవరున్నారని అడిగారు.

నర్సమ్మ ఉందని చెప్పాను.

5. స్టాఫ్ నర్సును దుప్పట్ల గదికి పంపుట.

నర్సమ్మ సాక్షిగా వచ్చింది. యూనిఫాంలోనే వచ్చింది, డ్యూటీ మధ్యలోంచి. బోనులో నిలబడి, మెడలోని కళ్ళజోడు పెట్టుకుని చెప్పింది.

"ఆవిడ ఆగమన్నారు. మేడమ్ ఆగలేదు. మణికట్ల దగ్గర, వీపు మీద కమిలిన గుర్తులు నేను చూశాను. మేడమ్‌కి చెప్పాను. రాయలేదు."

"మీ డాక్టరు మీద మీకేమన్నా కోపమా?" అని అతని లాయరు అడిగాడు.

"లేదండి. మేడమ్ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఎన్నో ప్రాణాలు నిలబెట్టడం చూశాను. ఆ రోజు చేసింది తప్పు. రెండూ నిజమే."

అయ్యా, శిక్ష ఆ మాటల మీదే పడిందని తీర్పులో ఉంది. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే నర్సమ్మను "పరిపాలనా సౌలభ్యము నిమిత్తము" పాత బ్లాకులో దుప్పట్ల గదికి మార్చారు. డాక్టరు గారు ఎప్పటిలాగే అదే గదిలో, అదే టేబుల్ దగ్గర ఉన్నారు. ఎవరికి సౌలభ్యమో ఆ బదిలీ ఉత్తర్వులో రాయలేదు.

నేను ఆమెను వెతుక్కుంటూ పాత బ్లాకుకు వెళ్ళాను. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టి అరల్లో సర్దుతోంది. కిటికీ లేదు. తడి బట్ట వాసన.

"మీరెందుకొచ్చారమ్మా? చూస్తే నన్ను ఇంకో మూలకి పంపిస్తారు" అంది.

"ఇంతకంటే మూల ఈ ఆస్పత్రిలో ఉందా సిస్టర్?"

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగాక స్టూలు లాగి నన్ను కూర్చోమంది.

"నా గురించి గొడవ పెట్టుకోకండి. రిటైరవడానికి నాకు ఎంతో కాలం లేదు. ఇక్కడ హాయిగానే ఉంది. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు." మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడతపెట్టింది. "అదేనమ్మా బాగాలేదు. దుప్పట్లు పలకవు. నాకు మనుషులు కావాలి."

6. తలుపుకు అడ్డంగా నిలబడుట (తమ నోటీసులోని ముఖ్యాంశము).

నర్సమ్మ గురించి తమకు స్వయంగా విన్నవించుకుందామని నేను ఆస్పత్రికి వచ్చిన రోజు అది. తమరు మీటింగులో ఉన్నారన్నారు. వరండాలోకి వచ్చేసరికి ఆ బెంచీ మీద ఒక అమ్మాయి, పక్కన వాళ్ళమ్మ. అమ్మాయి బట్టల షోరూంలో పనిచేస్తుంది, ఆ యూనిఫాంలోనే ఉంది. వాళ్ళమ్మ తన కొంగు తీసి కూతురి భుజాల చుట్టూ కప్పింది. ఒకే కొంగు ఇద్దరికీ చాలక ఇద్దరూ వంగి కూర్చున్నారు. పక్కన కానిస్టేబుల్.

అటెండరు తలుపులోంచి తల బయటపెట్టాడు. అదే పిలుపు. అదే గొంతు.

నేను వెళ్ళి అమ్మాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అమ్మా, నేను కూడా ఇదే బెంచీ మీద కూర్చున్నాను. ఒక మాట చెప్పనా?"

తల ఊపింది.

"లోపల ఏం చేసినా, ఎందుకు చేస్తున్నారో ముందు అడుగు. గాయాలు చూడాలి, సాక్ష్యం తీసుకోవాలి, మందులివ్వాలి. అవి నీ కోసమే, చేయించుకో. నీకు అలవాటుందా లేదా అని చూసే పరీక్ష ఒకటుంది, అది చెయ్యకూడదు. వద్దని చెప్పు. ఏ పరీక్ష వద్దన్నా సరే, నీకు వైద్యం మానే హక్కు వాళ్ళకి లేదు."

"వద్దంటే కోప్పడతారా అక్కా?" అంది.

"కోప్పడితే పడనీ. నేను బయటే ఉంటాను."

తల్లీ కూతురూ లోపలికి వెళ్ళారు. వాళ్ళ వెనకాలే నలుగురైదుగురు విద్యార్థులు బయల్దేరారు. నేను వెళ్ళి తలుపులో నిలబడ్డాను, లోపలికి వీపు పెట్టి. విద్యార్థులు ఆగిపోయారు. బీపీ మిషను కోసం వచ్చినామె ఆగిపోయింది. డాక్టరు గారు లోపలినుంచి వచ్చి నా భుజం తట్టారు.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?"

"గడియనండి."

"ఏంటీ?"

"ఈ తలుపుకు గడియ లేదు మేడమ్. వేయించేదాకా నేనున్నాను."

అప్పుడు గుర్తుపట్టారు. ఆమె మొహం ఎర్రబడింది. సెక్యూరిటీని పిలిపించారు. వచ్చినాయన పెద్దమనిషి, నా చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడ్డాడు.

"అమ్మా, నన్ను డ్యూటీ చేసుకోనివ్వండి" అన్నాడు.

"చేసుకోండి అన్నా. కాపలా కాయడమేగా మీ డ్యూటీ. నా పక్కన నిలబడండి."

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. లోపల కూతురికి కొంగు కప్పిన తల్లిని చూశాడు. తర్వాత టోపీ సర్దుకుని నా పక్కన నిలబడ్డాడు. ఈ సంగతి తమ నోటీసులో లేదు. ఆయన మీద కూడా చర్య తీసుకుంటారేమో అని రాయకూడదనుకున్నాను. "రాయండమ్మా, నేనేం దొంగతనం చెయ్యలేదు" అని ఆయనే అన్నాడు గనుక రాస్తున్నాను.

డాక్టరు గారు తిరిగి లోపలికి వెళ్ళారు. లోపలి మాటలు నాకు వినపడ్డాయి.

"ఏం చేస్తారండీ?" అంది ఆ అమ్మాయి. చాలా చిన్న గొంతు.

డాక్టరు గారు ఏదో చెప్పారు.

"ఆ పరీక్ష వద్దండి."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. డాక్టరు గారు విసురుగా బయటికి వస్తారనుకున్నాను. అప్పుడు ఆమె గొంతు వినిపించింది, అంతకు ముందు నేనెప్పుడూ వినని గొంతు.

"సరే. గాయాలు చూసి రాస్తాను. చేతులు చూడనా?"

"చూడండి."

అయ్యా, విధులకు ఆటంకం అని రాశారు. విధి అంటే అది. ఆ రోజే జరిగింది. డాక్టరు గారికి అడగడం చేతకాక కాదు. చక్కగా వచ్చు. అడిగి తీరాలని తమరు ఇన్నాళ్ళూ చెప్పలేదు, అంతే. ఒక స్టాఫ్ నర్సు చెబితే ఆమెకు దుప్పట్లు అప్పజెప్పారు. కారు నేర్పే మనిషి నిలబడితే నోటీసు పంపారు.

ఆ "చూడనా" అన్న మాటకు నేను క్షమాపణ చెప్పాలా? చెప్పను.

7. కుటుంబములోని అభిప్రాయభేదము.

తమ నోటీసు చూసి మొదట మా ఆయనే భయపడ్డాడు. దాచిపెట్టను. పెద్దసారు స్కూల్లో పని మానేశాక నేను సొంతంగా నేర్పుతున్నాను. లైసెన్సు పోతే కష్టం.

"రాసెయ్ రాదూ, పిల్లలున్నారు" అన్నాడు.

"ఏమని రాయను? మీరే చెప్పండి."

ఆయన కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "అయ్యా, ఒక ఆడపిల్లను పరీక్ష చేస్తున్న గది తలుపు దగ్గర..." అని మొదలుపెట్టి, "లోపలికి ఎవరూ రాకుండా నిలబడినందుకు..." దాకా వచ్చి, కలం కింద పెట్టేశాడు.

"దీన్ని తప్పని రాయడం ఎలాగే?" అన్నాడు.

"అదే కదా నేనంటున్నది."

"వద్దులే. రాయకు." ఆ కాగితం చింపి పొయ్యిలో వేసి పనికి వెళ్ళిపోయాడు. కాబట్టి ఈ నిరాకరణ మా ఇద్దరి ఏకగ్రీవ నిర్ణయముగా పరిగణించవలెను.

8. కోరునవి.

(అ) స్టాఫ్ నర్సు గారిని వెంటనే ఆమె వార్డుకు తిరిగి పంపవలెను. ఆమె అడగలేదు. నేను అడుగుతున్నాను.

(ఆ) రెండు వేళ్ళ పరీక్ష ఇకమీదట ఈ ఆస్పత్రిలో ఎవరూ చేయరాదని, అలవాటు గురించి ఎవరి రిపోర్టులోనూ ఒక్క ముక్క రాయరాదని, డాక్టర్లందరికీ తమ సంతకముతో ఉత్తర్వు ఇవ్వవలెను. ఆ ఉత్తర్వు గోడ మీద అతికించినా నాకు అభ్యంతరం లేదు, కానీ ముందు డాక్టర్ల చేత చదివించవలెను.

(ఇ) వచ్చిన మనిషిని పేరుతో పిలిచి, ఏం చేస్తారో చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే ముట్టుకొనవలెను. మధ్యలో ఆగమంటే ఆగవలెను. రిపోర్టు కాపీ ఆమె చేతికి ఇవ్వవలెను.

(ఈ) మందులు ఆమె వెనకాల ఎవరూ పరుగెత్తే అవసరం లేకుండా గదిలోనే ఇవ్వవలెను.

(ఉ) గడియ. ఇందుకు కమిటీ వేయనక్కర్లేదు, వడ్రంగి చాలు.

ఇవి జరిగిన రోజు నేను తలుపుకు అడ్డం తప్పుకుంటాను. జరగనంత కాలం, నేర్పే క్లాసులు లేని మధ్యాహ్నాలు వచ్చి నిలబడతాను. ఇప్పుడు నేను ఒక్కదాన్నే కాదు కూడా. నా దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్ళు కొందరు వంతులు వేసుకున్నారు. వాళ్ళలో ఒకామె రిటైరైన హెడ్మాస్టరమ్మ. ఆమెను పక్కకు తప్పించడం సెక్యూరిటీ వల్ల కాదు, ముందే మనవి చేస్తున్నాను. పోలీసు ఫిర్యాదు చేయదలచుకుంటే చేయవచ్చును. స్టేషను దారి నాకు తెలుసు, ఎవరూ పట్టుకెళ్ళనక్కర్లేదు, నా కారులో నేనే వస్తాను.

నోటీసుకు ఇదే నా జవాబు. తమరు కోపం పక్కన పెట్టి దీనిని ఒక్కసారి పూర్తిగా చదివి చిత్తగించవలెనని ప్రార్థన. ఇక్కడ విధేయురాలు అని రాయడం వాడుక. రాస్తే అబద్ధమవుతుంది గనుక,

మర్యాద తప్పని, మాట మార్చని,
అర్జీదారు.

తా.క.: ఇది కోర్టు పక్క టైపు షాపులో టైపు చేయించాను. టైపు చేసే అమ్మాయి చకచకా కొడుతూ వచ్చి మూడో అంశం దగ్గర వేళ్ళు ఆపేసింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. పోలేదు. మంచినీళ్ళు తాగి వచ్చి మిగతాది పూర్తి చేసింది. ఎన్ని కాపీలు కావాలంది. రెండు చాలన్నాను, ఒకటి తమకు, ఒకటి నాకు. ఆమె మూడు తీసింది. మూడోది మడిచి తన సంచిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "అక్కా, ఎప్పుడో జరిగినదానికి కూడా అర్జీ పెట్టొచ్చా?" అంది.

పెట్టొచ్చమ్మా అని చెప్పాను. తమరు తీసుకుంటారని కూడా చెప్పాను.